తిరగేసి అతికిన పువ్వులు

ఈ వేసవి సెలవలకి మా మనవరాలు వాళ్ళమ్మతో హైదరాబాదు నుంచి వస్తూ వస్తూ తన ఎత్తుకి సరిపడే గోల్ఫు కర్ర ఒకటీ, సంచీ నిండా తెల్లటి బంతులూ తెచ్చుకుంది. అమలాపురంలో మా ఇంటి వెనక కాసిని కొబ్బరిచెట్లూ, వాటి అవతల బోదె కాలవా, ఆ బోదె అవతల ఎవరిదో చేపల చెరువూ ఉన్నాయి కనుక బంతి కొట్టడానికి చోటైతే ఉంది గాని, కొట్టిన బంతి మళ్ళీ కంటపడుతుందన్న నమ్మకం మాత్రం లేదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పెరటి అరుగు మీద కూర్చుని దాని ఆట చూడటమే ఈ సెలవల్లో నాకు కాలక్షేపం. ఆ ఆట గురించి నాకు తెలిసిందల్లా అదొక డబ్బున్నవాళ్ళ గోలీలాట అని, ఆ మాట పైకి అంటే మా అమ్మాయి మొహం ముడుచుకుంటుందని, అంతే.

మొన్నొక రోజు ఆ పిల్ల అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, చేతిలో కర్రని వెనక్కి తిరగేసి పట్టుకుంది. ఆ కర్రకి చివర వంకీగా ఇనప ముక్క ఉంటుంది, దానికి ఒక వైపే చదును. కుడిచేతి వాటం వాళ్ళ కోసం చేసిన కర్రతో పుర్రచేతి వాటంగా కొట్టాలంటే దాన్ని అలా తిరగేసి, ఆ ఇనప ముక్క కొస నేలకి దించి కొట్టాలిట. పిల్ల అలాగే పట్టుకుని, బంతికి అటువైపు వెళ్ళి నిలబడి, ఒక్క ఊపు ఊపింది. బంతి బోదె దాటి, గట్టు దాటి, చెరువులో పడిన చప్పుడు నాకు అరుగు మీదికి వినిపించింది. వంటింటి కిటికీలోంచి మా అమ్మాయి, "ఏంటమ్మా అది, కోచ్ గారు ఏం చెప్పేరు నీకు, తిన్నగా పట్టుకో" అంది. కోపంగా కాదు, పాలు తాగమన్నంత ముద్దుగా అంది. పిల్ల కర్ర తిన్నగా తిప్పి, మళ్ళీ ఇటువైపు వచ్చి కొట్టింది. ఆ బంతి రెండడుగులు దొర్లి ఎండుమట్ట కింద దూరింది.

పుర్రచేతి వాళ్ళ కర్రలు పిల్లల సైజులో దొరకటం కష్టమట, నేర్పే చోట వాడుకోడానికి ఇచ్చేవన్నీ కుడిచేతివేనట, ఇప్పుడే మార్చేస్తే పెద్దయ్యాక ఇబ్బంది ఉండదని కోచ్ గారన్నారట. రాతా తిండీ ఎడమ చేత్తోనే కానిస్తున్నాం కదమ్మా, ఈ ఒక్క కర్రే కదా అని మా అమ్మాయి నాకు నచ్చజెప్పింది. టీ చల్లారిపోయింది. ఎడమ చెయ్యి వెనక, మణికట్టుకి కాస్త పైన, చింతగింజంత మచ్చ ఒకటి ఉంది నాకు. తెలియకుండానే దాన్ని తడుముకుంటూ కూర్చున్నాను.

మీలో నా ఈడు వాళ్ళకి, అందులోనూ పుర్రచేతి వాళ్ళకి, ఆ రోజుల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే వీపు మీద దెబ్బ, పలక మీద రాస్తే వేళ్ళ కణుపుల మీద దెబ్బ, కొట్టులో డబ్బులిస్తే కొట్టతను చెయ్యి చాపకుండా గుమ్మం వైపు చూస్తూ నిలబడటం, పెళ్ళి బంతిలో పచ్చడి వడ్డించబోతే విస్తరి ముందున్న పెద్దాయన అరచెయ్యి అడ్డం పెట్టెయ్యటం. కత్తెర కూడా మనది కాదు. ఎడమ చేత పడితే గుడ్డని నములుతుంది గాని కొయ్యదు. ఇవన్నీ అందరూ పడ్డవే, వాటికి నేను ఏడవను. నేను చెప్పేది మా మేనత్త సంగతి.

మా మేనత్త, అంటే నాన్నగారి అక్క, పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, ఇంటి తాళాలతో పాటు ఇంట్లో వాళ్ళందర్నీ కూడా బొడ్డున దోపుకున్న మనిషి. నాన్నగారు బడిపంతులు. బడిలో బెత్తం పట్టుకునే ఆయన ఇంటికొచ్చాక అక్కగారి ముందు చేతులు కట్టుకునేవారు. ఇంక అమ్మ మాట అడగనే అక్కర్లేదు. మా ఇల్లు సఖినేటిపల్లి రేవుకి దగ్గర. గోదావరికి అవతల నరసాపురం, అక్కణ్ణుంచి లేసు ఏజెంటు గారు పంటు పడవ దిగి వచ్చేవారు. ఆయన దగ్గర నూలు తీసుకుని మా వీధి ఆడవాళ్ళందరికీ పంచి, పువ్వులు అల్లించి, వాటన్నిటినీ ఒకచోట చేర్చి బల్లగుడ్డగా అతికించి మళ్ళీ ఆయనకి అప్పజెప్పటం మా మేనత్త పని. మధ్యాహ్నం అయ్యేసరికి మా వరండా నిండా ఆడవాళ్ళు, ఒళ్ళో నూలుండలు, చేతుల్లో కొక్కెం సూదులు, నోళ్ళల్లో ఊళ్ళో వాళ్ళ సంగతులు.

నేను లేసు పట్టింది ఇప్పుడు మా మనవరాలి వయసులోనే. మేనత్త నన్ను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టుకుని, నా చేతులే చూస్తూ చెయ్యి, నోరు మూసుకుని చెయ్యి అంది. నేను అలాగే చేశాను. ఎదురుగా కూర్చున్నాను కనుక ఆవిడ కుడి చెయ్యి ఏ వైపు ఉందో నా ఎడమ చెయ్యీ ఆ వైపే ఉంది. అద్దంలో చూసుకున్నట్టు ఆవిడ వేలు కదిలితే నా వేలు కదిలింది, ఆవిడ కొక్కెం తిరిగితే నా కొక్కెం తిరిగింది. పలక మీద ఎడమ చెయ్యి పెడితే ఆమడ దూరాన్నుంచి పసిగట్టే మనిషికి, తన ఎదురుగా కూర్చుని అల్లుతున్న చెయ్యి ఏదో పట్టలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే నాకూ ఆ ధ్యాస లేదు. జీవితంలో మొదటిసారి ఒక పని దెబ్బ తినకుండా, చెయ్యి తనంతట తను వెళుతూ ఉంటే వెనకాల నేను వెళ్ళినట్టుగా సాగింది. మా మేనకోడలి వేళ్ళు చూడండే అని ఆవిడ వరండాలో వాళ్ళకి చూపించింది కూడాను. ఆవిడ నన్ను మెచ్చుకోవటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ యేడు పని సుడిపువ్వు. రేకులన్నీ ఒకే వైపుకి వాలి, గాలికి తిరుగుతున్నట్టుండే పువ్వు. అలాంటివి ఎన్నో అల్లి, వరసలుగా పేర్చి, ఒక పెద్ద బల్లగుడ్డ చెయ్యాలి. అందులో ఒక అంచు వరస మొత్తం నాది. నేను అల్లిన పువ్వులు అచ్చం వాళ్ళవిలాగే ఉన్నాయి, కాకపోతే ఎడమ చేత్తో అల్లినవి కనుక రేకులు అటు వాలకుండా ఇటు వాలాయి. అతికే పని చేసే ఆవిడ అది చూసి, పువ్వులు బోర్లా పడి ఉన్నాయి కాబోలు అనుకుని, ఒక్కొక్క దాన్నీ తిరగేసి అతికేసింది. తిరగేస్తే సుడి కలిసింది. అందరికీ బాగానే ఉందనిపించింది.

ఏజెంటు గారు గుడ్డ పరిచి అరచేత్తో నిమురుతూ వెళ్ళి, ఆ వరస దగ్గర ఆగిపోయారు. ముడులన్నీ పైకి ఉన్నాయి, చేతికి గరగరా తగులుతున్నాయి. "ఇదేంటండీ, ఈ వరసంతా తిరగేసి అతికేరు" అన్నారు. "ఆయ్, చూసుకోలేదండి, ఇప్పుడే విప్పి మార్చేత్తామండి" అంది మేనత్త. అక్కడే ఒక పువ్వు విప్పి సరిగ్గా పెట్టి చూస్తే ముడులు కిందికి పోయాయి గాని, సుడి ఎదురు తిరిగింది. తిరగేస్తే ముడులు, తిరగెయ్యకపోతే సుడి. ఎటూ కుదరదు. "ఎవరల్లేరిది" అందావిడ. ఒకసారి మెచ్చుకుంది కదా, అందరికన్నా ముందు నేనే నేనే అంటూ చెయ్యెత్తాను. ఎడమ చెయ్యి.

ఏజెంటు గారు నవ్వేశారు. నవ్వి, గుడ్డ మడిచి పక్కన పెట్టేసి, వేరే వాళ్ళ ఇంటికి వెళ్ళిపోయారు. ఆ నవ్వు లేకపోతే నా బతుకు ఇంకోలా ఉండేదేమోనని ఇప్పటికీ అనుకుంటాను. వరండాలో ఆడవాళ్ళందరూ చూస్తూ ఉండగా మేనత్త నన్ను దగ్గరికి రమ్మని, ఎత్తిన చేతిని అలాగే పట్టుకుని, తన కొక్కెం సూది మణికట్టు పైన గుచ్చింది. ఆ సూది లోపలికి వెళ్ళేటప్పుడు పెద్ద నొప్పి ఉండదు. దారాన్ని పట్టి లాగడానికి చేసింది కనుక, దాని పని అంతా బయటికి వచ్చేటప్పుడే. అమ్మ గుమ్మంలోనే ఉంది. నాన్నగారు లోపల పేపరు చదువుకుంటున్నారు. కాగితం తిప్పిన చప్పుడు కూడా విన్నాను నేను.

మర్నాటి నుంచి నా ఎడమ చేతిని వెనక్కి విరిచి పాత చీర పీలికతో నడుముకి కట్టేశారు. పొద్దున్న లేవగానే కట్టటం, పడుకునే ముందు విప్పటం. కట్టేది అమ్మ. మేనత్త ముడి లాగి చూసి, వదులుగా ఉంటే మళ్ళీ కట్టించేది. కాబట్టి అమ్మ మొదటే గట్టిగా కట్టటం నేర్చుకుంది. మేనత్త మీద నాకున్నది కోపం. అమ్మ మీద ఉన్నదానికి ఇంతవరకూ పేరు పెట్టలేకపోయాను. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా అది అలాగే ఉంది, దాన్ని మాఫీ చేసే ఉద్దేశమూ లేదు.

ఆ వేసవంతా అలాగే తిన్నాను, అలాగే తిరిగాను. కింద పడితే ఒక్క చేత్తోనే లేచేదాన్ని. ఆదివారం మా చర్చికీ అలాగే తీసుకెళ్ళారు. పిల్ల చేతికేమైందమ్మా అని ఎవరో అడిగితే మా మేనత్త, "మేక కదండీ, తోటల్లో పడకుండా కట్టేసేం" అంది. ఆఖరి తీర్పు రోజున మంచివాళ్ళని గొర్రెల్లా కుడివైపునా, చెడ్డవాళ్ళని మేకల్లా ఎడమవైపునా నిలబెడతారని ఆదివారం బడిలో మాకు చెప్పేవారు. అందుకని ఆ మాట అందరికీ వెంటనే అర్థమైంది, అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను మేకని. పిల్లలు నా వెనక మే మే అంటూ రేవు దాకా వచ్చేవారు. నా పెళ్ళిలో కూడా మా పెద్దాళ్ళొకరు మేకకి పెళ్ళయిపోతోంది అన్నారు, ముద్దుగానే అన్నారులెండి. సఖినేటిపల్లిలో ఇప్పటికీ ఆ పేరు చెబితేనే నేనెవరో గుర్తుపట్టే ముసలివాళ్ళున్నారు.

వేసవి అయిపోయేసరికి నాకు కుడి చేత్తో తినటం వచ్చింది, రాయటం వచ్చింది, దణ్ణం పెట్టటం వచ్చింది. కట్టు విప్పేశారు. అప్పుడు మేనత్త నా చేతికి కొక్కెం సూది ఇచ్చి, ఈసారి పక్కన కూర్చోబెట్టుకుని, కుడి చేత్తో అల్లమంది. పువ్వు అనుకుని నేను అల్లినదాన్ని ఆవిడ వేళ్ళతో ఎత్తి, వరండాలో అందరికీ చూపించి, గిన్నెలు తోముకోడానికి పనికొస్తుంది అని పెరట్లోకి విసిరేసింది. ఇంకోటి చేశాను, అదీ అంతే. ఆపైన నాకు నూలు ఇవ్వటమే మానేశారు. ఆ వరండాలో అందరి మధ్యా కూర్చుని అల్లాలని ఎంత ఏడ్చానో మీకు చెప్పలేను. లేసు వచ్చిన చెయ్యికి సూది ఇవ్వరు, సూది ఇచ్చిన చెయ్యికి లేసు రాదు. మా వీధిలో లేసు రాని ఆడపిల్లని నేనొక్కదాన్నే.

తర్వాత చదువుకున్నాను. లేసు రానిదానికి చదువన్నా ఉండాలి కదా అని చదివించారు. అమలాపురంలో టైపు నేర్చుకోడానికి వెళ్ళిన మొదటి రోజున అక్కడి మాస్టారు ఎడమ చెయ్యి ఇక్కడ పెట్టమ్మా అన్నప్పుడు, ఒక పరాయి మనిషి మర్యాదగా ఆ మాట అంటుంటే, నాకు ఒళ్ళు ఝల్లుమంది. తతిమ్మా ఆడపిల్లలందరూ ఎడమ చేతి వేళ్ళలో బలం లేదని గొణిగేవారు. నాకేమో ఎడమ వైపు అక్షరాలన్నీ ముదురు నలుపుగానూ, కుడి వైపువి లేతగానూ పడేవి. ఉద్యోగంలో చేరాక మా హెడ్ గుమస్తా గారు నా కాగితం వెలుతురులో పట్టుకుని చూసి, ఇది ఇద్దరు కొట్టినట్టుందేమిటండీ అని, ఆఫీసరు గారికి వెళ్ళేవన్నీ వేరే ఆవిడకి ఇచ్చేవారు. అలా ముఖ్యమైన కాగితం ఒక్కటీ నా చేత కొట్టించకుండానే చాలా ఏళ్ళు గడిపేశారు. కంప్యూటర్లు వచ్చాక ఆ తేడా ఎవరికీ కనపడకుండా పోయింది. నాక్కూడా.

మా మేనత్త దీర్ఘాయుష్మంతురాలు. ముసలితనంలో ఆవిడకి పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. మిగిలింది ఎడమ చెయ్యి. మా తమ్ముడి భార్య ఫోన్ చేసి, "వదినా, కంచం ముందు పెడితే ముట్టుకోట్లేదండి, ఎడం చేత్తో తినే కర్మ నాకొద్దంటన్నారు, ఒక్కసారి రండి" అంది. వెళ్ళాను. జాలిపడి వెళ్ళానని మీరనుకుంటే నేను కాదనను గాని, అది నిజం కాదు. చూడటానికి వెళ్ళాను.

మధ్యాహ్నం భోజనం వేళ. ఆవిడ మంచం మీద గోడకి చేరగిలబడి ఉంది, ఆ ఎడమ చేతిని దుప్పటి కింద దాచుకుని. నేను పక్కన కూర్చుని, చారన్నం కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఎడమ చేత్తో. ఆవిడ నా చేతిని చూసింది, నా మొహం చూసింది, పెదాలు బిగించేసింది. నేను చెయ్యి తియ్యలేదు. ఆకలి ఎంతటి వాళ్ళనైనా ఓడిస్తుందని నాకు తెలుసు, ఆ వేసవిలో ఆవిడ నాకు నేర్పిందే అది. తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. కాసేపటికి నోరు తెరిచింది. తీరా పెట్టబోతే నా వేళ్ళు ముద్దని పట్టుకోలేకపోయాయి. మెతుకులు ఆవిడ గడ్డం మీదా, జాకెట్టు మీదా, పక్క మీదా పడిపోయాయి. రెండో ముద్దా అంతే. ఆవిడ మాట అప్పటికి ముద్దముద్దగా అయిపోయింది, సగం ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"చూసేవా, అందుకే మాన్పించేను" అంది.

చెయ్యి కడుక్కుని వచ్చి కుడి చేత్తో పెట్టాను. సుబ్బరంగా తింది. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేస్తుంటే నేనూ వేశాను, ఏ చేత్తో వేశానో నాకు గుర్తు లేదు.

ఈ కథంతా మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. మొన్న ఆ చల్లారిన టీ ఒంపేసి వంటింట్లోకి వెళ్ళి, సూది సంగతీ, మేక సంగతీ కూడా దాచకుండా చెప్పి, ఆ పిల్ల చెయ్యి జోలికి వెళ్ళొద్దమ్మా, కర్ర దొరక్కపోతే ఆట మాన్పించండి గాని చెయ్యి మాన్పించకండి అన్నాను. మా అమ్మాయి మంచిది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మచ్చ మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత కూర కలుపుతూ మెల్లిగా, "కట్టెయ్యటం ఘోరమేలే అమ్మా. కానీ మారిపోయేవు కదా. ఇప్పుడు నీకేం తక్కువైంది, బాగానే ఉన్నావుగా" అంది.

మనవరాలు గుమ్మంలో నిలబడి ఎప్పటి నుంచి వింటోందో ఏమో, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. "అమ్మమ్మా, నువ్వు కూడా లెఫ్టేనా? ఐతే నువ్వు కొట్టి చూపించు, మమ్మీ చూస్తుంది" అని కర్ర నా చేతిలో పెట్టింది. దాని కళ్ళలో ఆశ చూడాలి మీరు. తన వైపు మాట్లాడటానికి ఇంట్లో ఒక మనిషి దొరికింది మరి. మా అమ్మాయి కూడా గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను. ఎవరూ చూడకపోయినా ఆ పుర్రచేతి వాటం లోపల ఎక్కడో నాతోనే ఉందని, ఒకనాడు పిలిస్తే వస్తుందని ఇన్నాళ్ళూ ఒక నమ్మకం నాకు. బంతి ముందుకి వెళ్ళాను. కర్ర పట్టుకున్నాను. పట్టుకున్నాక కిందికి చూసుకుంటే నేను కుడివైపు వాటంగానే నిలబడి ఉన్నాను, కుడి చెయ్యి కిందా, ఎడమ చెయ్యి పైనా, ఆ కోచ్ గారు చెప్పి మరీ నేర్పినట్టు. అటువైపు వెళ్ళి, కర్ర తిరగేసి, చేతులు మార్చి చూశాను. ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మళ్ళీ మార్చాను. రెండు పరాయి చేతులు నా ముందు ఒకదాన్నొకటి తడుముకుంటున్నట్టు ఉంది. ఊపితే కర్ర నేలకి తగిలి మట్టి లేచింది. బంతి ఉన్నచోటే ఉంది.

పిల్ల నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నన్నూ, వాళ్ళ అమ్మనీ ఒకసారి చూసి, నా చేతిలోంచి కర్ర తీసుకుని, తిన్నగా తిప్పి, బంతికి ఇటువైపు వచ్చి నిలబడింది. కుడి చెయ్యి కింద, ఎడమ చెయ్యి పైన. ఈసారి బంతి కాస్త లేచింది, బోదె గట్టు దాకా వెళ్ళింది. మా అమ్మాయి వెనకనుంచి, చూశావా వచ్చేసింది అని చప్పట్లు కొట్టింది.

కాలం చాలా మారిందండీ, నేను కాదనను. ఇప్పుడు పిల్లల్ని ఎవరూ కొట్టరు, గుచ్చరు, మేక అనరు. నవ్వుతూ చెబుతారు, చప్పట్లు కొడతారు, ఐస్‌క్రీము కొనిపెడతారు. ఆ రోజుల్లో ఒక చెయ్యి మాన్పించాలంటే పాత చీర పీలికా, కట్టడానికి ఒక అమ్మా, ముడి లాగి చూడటానికి ఒక మేనత్తా, ఒక వేసవంతా కావలసి వచ్చేవి. మా మనవరాలికి అవేవీ అక్కర్లేకపోయాయి. నన్ను చూస్తే సరిపోయింది.